అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడని అమెరికన్ యూరప్‌లో అంత పెద్ద ప్లేయర్ ఎలా అయ్యాడు?

కైల్ హైన్స్ గురించే అడుగుతున్నారనుకుంటా. ఊరు న్యూజెర్సీలో, కాలేజీ గ్రీన్స్‌బరోలో, 2008లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోలేదు. కారణం హైటే. మనకి 6 అడుగుల 6 అంగుళాలంటే చాలా ఎక్కువ గానీ రింగ్ దగ్గర ఆడే సెంటర్ పొజిషన్‌కి అది బాగా తక్కువ, అక్కడ ఏడడుగుల వాళ్ళుంటారు.

దాంతో ఇటలీ వెళ్ళి సెకండ్ డివిజన్‌లో వెరోలి అనే చిన్న టీమ్‌లో మొదలుపెట్టాడు, తర్వాత జర్మనీలో బాంబెర్గ్, అక్కడ్నుంచి 2011లో గ్రీస్ టీమ్ ఒలింపియాకోస్. 2012లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోలీగ్ ఫైనల్లో రష్యా టీమ్ సీఎస్‌కేఏ మాస్కో మీద 19 పాయింట్లు వెనకబడి కూడా ఆఖరి సెకనులో 62-61తో గెలిచారు, మరుసటి ఏడాది కూడా కప్పు వాళ్ళదే. ఆ తర్వాత చూడండి, ఓడిపోయిన ఆ సీఎస్‌కేఏనే ఇతన్ని తీసుకుంది, అక్కడ 2016, 2019లో ఇంకో రెండు కప్పులు. మొత్తం నాలుగు. చివర్లో మిలాన్‌కి ఆడి 2024లో రిటైరయ్యాడు.

పాయింట్లు చూస్తే ఇతని గొప్పతనం తెలీదండీ. డిఫెన్స్ చూడాలి. అవతలివాళ్ళు స్క్రీన్ పెట్టగానే, అంటే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడగానే, చటుక్కున బంతి నడిపే గార్డ్ మీదకి మారిపోయేవాడు, పొడుగాటి సెంటర్లు ఆ స్పీడుకి కాళ్ళు కదపలేరు, ఇతను కదిపేవాడు, మళ్ళీ రింగ్ కింద తనకన్నా అరడుగు ఎక్కువున్నవాణ్ణి నడుం ఆనించి బయటికి నెట్టేసేవాడు. యూరోలీగ్ బెస్ట్ డిఫెండర్ అవార్డు మూడుసార్లు ఊరికే ఇవ్వలేదు.