"ఒప్పేసుకో తల్లీ" అని ఎవరికీ చెప్పకు

అమ్మడూ,

ఏపీపీగా, అంటే ప్రభుత్వం తరఫున కేసులు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా, ఎంపికయ్యావని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. సంతోషం సగం, భయం సగం.

చార్జిషీటు మొదటి పేజీ నుంచి చివరిదాకా నువ్వే చదువు. ఒకే గొడవ మీద ఇరుపక్షాలూ పెట్టుకున్న కౌంటర్ కేసులుంటే రెండూ ఒకే జడ్జి ముందు నడిచేలా చూడు. ఇవి ఎవరైనా చెబుతారు.

దెబ్బలు తిన్న మనిషే తప్పు చేసిన మనిషి కూడా అయితే ఏం చేస్తావు? నేను సర్వీసులో చేరిన రెండో ఏడు, ఒళ్లమ్ముకుని బతికే ఒకావిడ, విటుడొకడు సీసాతో కొట్టాడని స్టేషనుకెళ్లింది. వాడి మీద ఐపీసీ 324, ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిచిన కేసు, కట్టారు. రోడ్డు మీద నిలబడి పిలిచానని ఆవిడ ఫిర్యాదులో చెప్పింది కదా, ఆ మాట పట్టుకుని ఆవిడ మీదా పీటా (వ్యభిచార నిరోధక) చట్టం సెక్షన్ 8, బహిరంగంగా విటుల్ని పిలిచిన కేసు, కట్టారు. రెండు ఫైళ్లూ నా బల్ల మీదికే వచ్చాయి. ఆవిడ మీది కేసు ఉపసంహరణకు నేను సీఆర్‌పీసీ సెక్షన్ 321 కింద పిటిషన్ వేయొచ్చు. వేయలేదు. "ఒప్పేసుకో తల్లీ, ఐదొందల జరిమానాతో పోతుంది" అన్నాను. ముగిసిన కేసుల లెక్కలో డిస్పోజల్ ఒకటి పెరుగుతుందన్న యావ. కొంగుముడి విప్పి నలిగిన నోట్లు లెక్కపెట్టింది. నుదుటి మీద కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నెల తిరక్కుండా అదే కోర్టులో సాక్షిగా బోనెక్కింది. డిఫెన్సు లాయరు ఆ తీర్పు కాపీ పైకెత్తి "శిక్ష పడింది నీకే కదా?" అన్నాడు. ఆవిడ అతని వంక చూడలేదు, నా వంక చూసింది. నేను ఫైల్లోకి తల దించాను. తర్వాతి వాయిదాకు రాలేదు. సమన్లు తిరిగొచ్చాయి. వాడు బయటపడ్డాడు.

ఆ 321 ఇప్పుడు నీకు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో సెక్షన్ 360. కోర్టు అనుమతి కావాలి, కానీ ఆలోచన నీది. పైనుంచి చెప్పారని వేయకు, చెప్పలేదని మానకు. కట్నం కేసులో "ఇచ్చిన తండ్రి మీదా పెట్టండి" అని అవతలివాళ్లు గోల చేస్తారు. ఇవ్వడమూ నేరమే, కానీ 1961 చట్టంలోని 7(3) బాధితుల వాంగ్మూలాన్ని వాళ్ల మీదే వాడనివ్వదు. అవినీతి నిరోధక చట్టానికి 2018 సవరణ తర్వాత, బలవంతాన లంచమిచ్చినవాడు 7 రోజుల్లో చెబితే అతనికీ రక్షణ ఉంది.

అందర్నీ వదిలెయ్యమనడం లేదు. వాళ్ల తప్పు వల్ల మూడో మనిషి నష్టపోయి ఉంటే, అతనూ నీ బాధితుడే.

నీకు జాలి ఎక్కువని మీ అమ్మ దిగులు. నాది అది కాదే. నీకు తొందర ఎక్కువ, అచ్చం నా పోలిక. లెక్క పూర్తిగా చదవకుండానే జవాబు రాసేసేదానివి, మొద్దూ!

కోర్టులో మెడకు కట్టుకునే నా తెల్ల బ్యాండ్లు రెండు జతలు పంపుతున్నాను. ఒకటి కాస్త పసుపెక్కింది, నీలిమందు పెట్టి ఉతుకు.

మీ పెదనాన్న