కుట్టుకోవచ్చు, కానీ నావి రెండూ ఎడమకాలి బూట్లయ్యాయి

"మధ్యయుగపు యూరప్ తరహా తోలు బూట్లు, ఈ పని అసలు రానివాళ్ళు ఇంట్లో చేత్తో కుట్టుకోగలరా? ఏ టూల్స్ కొనాలి?" అని అడిగారు.

కుట్టుకోగలరు. టూల్స్ మాత్రం కొనకండి. వీడియోల్లో నలభై పనిముట్లు గోడకి తగిలించుకుని చెప్పేవాళ్ళలో సగం మంది ఆ కిట్ అమ్ముకోవడానికే వీడియో పెడతారు. నేనూ కొన్నాను. అందులో వాడింది రెండే.

నేను ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని యార్క్‌లో నాలుగేళ్ళున్నాను. అక్కడ కాపర్‌గేట్ అనే వీధిలో 1976 నుంచి 1981 దాకా తవ్వితే వైకింగుల కాలంనాటి బూట్లు బయటపడ్డాయి. గాలి సోకని తడి మట్టిలో ఉండబట్టి వెయ్యేళ్ళయినా తోలు కుళ్ళలేదు. మ్యూజియంలో వాటి ముందు నిలబడి, "ఓస్, అడుగు ముక్క ఒకటి, పై ముక్క ఒకటి, ఇంతేగా" అనుకున్నాను. కింద మడమ ఎత్తు లేదు, మేకు లేదు. మా ఆవిడ అప్పుడే నా మొహం చూసి, "ఏమండీ, వద్దు" అంది.

పద్ధతి చెప్పడానికి తేలికే. దిండు గలీబు లోపలివైపు పైకి పెట్టి కుట్టి తర్వాత తిరగేస్తాం కదా, ఇదీ అంతే. కుట్టు లోపలికి వెళ్ళిపోతుంది, నేలకి రాసుకుని అరగదు. కష్టమంతా అడుగు ముక్కని పై ముక్కకి కలిపే కుట్టులో ఉంది. ఆరె, అంటే తోలుకి చిల్లు పొడిచే మొనదేలిన పనిముట్టు, తోలు గరుకు వైపు దిగి, మందంలో సగం దాకా వెళ్ళి, పక్కకి తిరిగి అంచులోంచి బయటికి రావాలి. నున్నటి వైపు గాటు పడకూడదు. ఇదంతా మూడు నాలుగు మిల్లీమీటర్ల తోలులో! మొదటిరోజు తోలుకంటే నా బొటనవేలికే ఎక్కువ చిల్లులు పడ్డాయి.

అడుగుకి మూడు మిల్లీమీటర్ల తోలు చాలని తెలిసి కూడా, గట్టిగా ఉంటుందని అయిదు మిల్లీమీటర్లది తెచ్చాను. మూడు శనాదివారాలు కుట్టాక తిరగేసే రోజు వచ్చింది. వంటింటి సింకులో గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టాను. మడమ వైపు సులువుగానే తిరిగింది. ముందువైపు కదల్లేదు. వేళ్ళు పెట్టి లాగాను, మోకాళ్ళ మధ్య పెట్టి లాగాను. చివరికి పప్పుగుత్తి కాడ లోపలికి దూర్చి, రెండో కొస గట్టుకి ఆనించి నా బరువంతా మోపాను. కుట్లు టపటపమని రెండు తెగాయి. ఇంకోసారి తోసేసరికి బూటు ఒక్కసారిగా బోర్లాపడ్డట్టు తిరిగి, గోధుమరంగు నీళ్ళు స్టవ్ మీద, కుక్కర్ మీద, నా చొక్కా మీద చిమ్మాయి. ఆ పప్పుగుత్తి మళ్ళీ వంటకి వాడలేదు. కానీ చేతిలో ఉన్నది బూటే! అచ్చం మ్యూజియంలో ఉన్నట్టే.

రెండోది పల్చటి అడుగుతో వారంలో అయిపోయింది. తిరగేసి, రెండూ పక్కపక్కన పెట్టాను. రెండూ ఎడమకాలివే. మొదటి పాదం గీత గరుకు వైపు గీశాను. రెండోసారి పెన్సిల్ బాగా కనబడుతుందని నున్నటి వైపు గీశాను. తిరగేసి కుట్టేదాంట్లో అలా గీస్తే కుడి ఎడమవుతుందని నాకు తట్టలేదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇంకేం చెప్పను.

పొడుగాటి ముక్కులున్న బూట్ల జోలికి మాత్రం మొదటిసారే వెళ్ళకండి. 1463లో ఇంగ్లండ్‌లో ప్రభువుల కంటే తక్కువవాళ్ళు రెండంగుళాలు మించి ముక్కు పెట్టుకోకూడదని చట్టమే చేశారు. ఆ ముక్కు నిలబడటానికి లోపల నాచు కుక్కేవాళ్ళట. దాన్ని తిరగేయాలంటే రెండు పప్పుగుత్తులు కావాలి.

తోలు సంగతి. క్రోమియంతో పదును చేసినది వద్దు, నీళ్ళలో నానినా ఆకారం పట్టదు. చెట్టుచెక్కతో పదును చేసినది అడగండి. ఒకప్పుడు మన తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు మద్రాసు నుంచి ఓడల్లో ఇంగ్లండ్ వెళ్ళేవి. నేను అదే ఇంగ్లండ్‌లో కూర్చుని ఇటలీ తోలు కొన్నాను.

సెలవులకి ఖమ్మం వచ్చినప్పుడు ఆ రెండు ఎడమ బూట్లూ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను. ఆయన కుట్టుని గోటితో లాగి చూసి, "దారానికి మైనం సరిపోలేదు సార్. మైనం పట్టిస్తే బిగువు జారదు" అన్నాడు. మూడు నెలలు చూసిన వీడియోల్లో ఈ ముక్క ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆయన కొక్కెం ఉన్న ఆరెతో ఒక్క చేత్తో దారం లాగుతూ, తెగిన రెండు కుట్లూ నేను మాట్లాడుతుండగానే వేసేశాడు. ఈ పనిని మనం 'అన్‌స్కిల్డ్' అనుకుంటాం, పైగా ముప్ఫై అంటే ఇరవైకి బేరమాడతాం. నేను రెండంకెల పౌండ్లు పోసి కొన్న స్టీలు ఆరెని ఆయన వేళ్ళ మధ్య తిప్పి చూసి, మొన మొద్దుగా ఉందని పక్కన రాయి మీద నూరి ఇచ్చాడు.

బూట్లు కుట్టినందుకు డబ్బు తీసుకున్నాడు, నూరినందుకు తీసుకోలేదు. "ఇంతకీ కుడికాలిది ఎక్కడ సార్?" అని మాత్రం అడిగాడు.