తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదు.. నాకూ నాన్నలాగే మతిమరుపు వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 58 ఏళ్లు. అనంతపురంలో బట్టల కొట్టు ఉంది. ఒకప్పుడు ఏ ఊరి రైతు ఎంత బాకీ ఉన్నాడో ఖాతా పుస్తకం తీయకుండా చెప్పేవాణ్ని. ఇప్పుడు మనిషి ముఖం గుర్తొస్తుంది, పేరు రాదు. షట్టర్ తాళాలు రోజూ వెతుక్కోవడమే. షుగర్‌కు తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మాంసం, గుడ్డు ముట్టను. మా నాన్న చివరి రోజుల్లో మమ్మల్నే గుర్తుపట్టలేదు. నాకూ అదే వస్తుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మంచి టానిక్ ఏదైనా చెప్పండి.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: టానిక్ సంగతి ముందే తేల్చేస్తాను. జ్ఞాపకశక్తి పెంచుతాయని అమ్మే సీసాలకు గట్టి రుజువులు లేవు, ఆ డబ్బు రక్తపరీక్షకు పెట్టండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది మెట్‌ఫార్మిన్, శాకాహారం. ఏళ్ల తరబడి ఆ మాత్ర వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గే అవకాశం ఎక్కువ, పైగా అది మొక్కల నుంచి వచ్చే తిండిలో దాదాపు ఉండదు. మన రాగి సంగటి, ఆకుకూర పప్పు, చెనిక్కాయ పచ్చడి మంచి తిండే, కాదనను, కానీ బి12 మాత్రం పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. అది బాగా తగ్గితే అరికాళ్ల తిమ్మిర్లు, నీరసంతో పాటు మతిమరుపు కూడా వస్తుంది, సకాలంలో కనిపెడితే చాలామటుకు సరిచేయొచ్చు. బి12, థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకేసారి చేయించండి. అంతే కానీ ఇది చదివి మెట్‌ఫార్మిన్ మానేయకండి, దయచేసి.

ఇక తాళాలు. పొద్దున కొట్టు తెరిచేటప్పుడు ఏం జరుగుతోందో ఒకసారి గమనించండి. షట్టర్ ఎత్తుతుంటారు, ఫోన్ మోగుతుంది, భుజానికీ చెవికీ మధ్య దాన్ని ఇరికించుకుని మాట్లాడుతూనే తాళాల గుత్తిని తువాళ్ల దొంతర మీద పెడతారు, ఈలోపు ఎవరో వచ్చి లుంగీలు చూపించమంటారు. సాయంత్రం ఆ గుత్తి గుర్తుకు రాలేదంటే మీరు మర్చిపోయినట్టు కాదు, అది అసలు మెదడులోకి ఎక్కనే లేదు. మన అవధానుల్ని చూడండి, ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడ్డు తగులుతున్నా చివర్లో ధారణ అప్పగిస్తారు. ఆ విద్యకు పెట్టిన పేరే అవధానం, అంటే మనసు పెట్టడం. అందుకే తాళాలకు ఒక మేకు కొట్టండి, తగిలించేటప్పుడు ‘మేకుకు పెట్టాను’ అని పైకే అనండి. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి.

బాకీల లెక్కలు ఇప్పుడు గుర్తుండకపోవడానికి వయసు కొంత కారణమే, పేర్లు వెంటనే తట్టకపోవడం ఈ వయసులో మామూలే. అయితే ఫోన్ చూసి చెప్పే అలవాటు కూడా దానికి తోడవుతుంది. మనిషి గడపలోకి రాగానే ముందు మీరే గుర్తు తెచ్చుకోండి, ఏ ఊరు, పోయిన పండక్కి ఏం కొన్నాడు, ఎంత ఇవ్వాలి అని, ఆ తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకోండి. తప్పు వచ్చినా నష్టం లేదు. పదిసార్లు చూసుకునేదాని కంటే కష్టపడి ఒకసారి గుర్తు తెచ్చుకున్నదే ఎక్కువ నిలుస్తుంది. పజిల్స్ నింపాలని ఏమీ లేదు, మీ కొట్టే మీకు వ్యాయామశాల.

నడక మాత్రం తప్పదు. 2011లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి ఒక జట్టును వారానికి మూడు రోజులు, రోజూ 40 నిమిషాల దాకా నడిపించారు. ఏడాది తర్వాత కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం ఆ జట్టులో సుమారు 2 శాతం పెరిగింది, నడవకుండా ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసిన వాళ్లలో కాస్త తగ్గింది. మన ఎండ సంగతి మీకు తెలుసు కాబట్టి పొద్దెక్కకముందే ముగించండి.

పగలు నేర్చుకున్నది గట్టిపడేది నిద్రలోనే. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు, వాటిలో కొన్ని మతిమరుపును ఇంకా పెంచుతాయి, అలర్జీకి, జలుబుకు వాడే పాత రకం మాత్రలు కూడా అంతే. గురక ఎక్కువగా పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే డాక్టర్‌కు చెప్పండి.

నాన్నగారి విషయం. ముసలితనంలో తండ్రికి వచ్చింది కొడుక్కి వచ్చి తీరాలని లేదు, రిస్క్ కొంత పెరుగుతుంది, అంతే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మనం మార్చగలిగే 14 కారణాలు చెప్పింది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను, అంటే మనుషుల్ని కూడా మరిపించే మతిమరుపు జబ్బును, ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా. షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, పొగ, ఒంటరితనం, సరిచేయించని చూపు అందులో ఉన్నాయి, వినికిడి తగ్గడం కూడా ఉంది. చాలామంది చెవిని పట్టించుకోరు. సరిగా వినపడని పేరు ఎలా గుర్తుంటుంది చెప్పండి? ఒకసారి చెవి పరీక్ష చేయించండి.

రోజూ వచ్చే దారిలోనే తికమకపడటం, చిల్లర లెక్క పదేపదే తప్పడం, అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌ను కలవండి. ఉన్నట్టుండి మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టలేకపోయినా అది పక్షవాతమో, షుగర్ పడిపోవడమో కావచ్చు, నిమిషాల మీద ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలాంటివి మనకు మనం గమనించుకోలేం, పక్కనున్న వాళ్లకే ముందు తెలుస్తుంది. పరీక్షల రిపోర్టులతో డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు కొట్టు కాసేపు అబ్బాయికి అప్పజెప్పి మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి, ముందు ఆమెను మాట్లాడనివ్వండి.