వాచ్‌లో 124, వేలి క్లిప్పులో 96... ఏది నమ్మాలి?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నాన్నకి 61, మదనపల్లె నుంచి తీసుకొచ్చాం. మైలోమా (ఎముక మజ్జలో మొదలయ్యే ఒక రకం రక్త క్యాన్సర్). ఇంకో ఆరు వారాల్లో ఆయన సొంత కణాలతోనే స్టెమ్ సెల్ (మూలకణాల) ట్రాన్స్‌ప్లాంట్. ఈలోగా ఒంట్లో సత్తువ పెరగాలని వారానికి మూడు రోజులు ఫిజియో మేడమ్ వీడియో కాల్‌లో వ్యాయామం చేయిస్తున్నారు. నడక అవగానే పల్స్ అడుగుతారు. వాచ్ 124 అంటుంది, వేలికి పెట్టే ఆక్సీమీటర్ 96 అంటుంది. 40 వేలు పెట్టి మంచి వాచ్ కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. వాచ్ అడుగున వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం పోటెత్తడం, తగ్గడం చూసి పల్స్ లెక్కేస్తుంది. చెయ్యి ఊగుతున్నా, బెల్టు వదులుగా ఉన్నా అది తికమకపడి ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది, ఖరీదైన వాచ్ అయినా ఈ జబ్బు పూర్తిగా పోదు (నాది సిల్క్ బోర్డ్ గుంతల్లో ఆటో ఎక్కితే అడుగులు లెక్కేసింది). నాన్నగారు నడుస్తుంటే 30 సెకన్లు అడుగులు లెక్కపెట్టండి. 62 దగ్గర్లో వస్తే, అంటే నిమిషానికి 124, దొంగ దొరికినట్టే: వాచ్ చూపిస్తున్నది అడుగులే.

అలాగని వేలి క్లిప్పు సత్యహరిశ్చంద్రుడేం కాదు. నడక ఆపి, కూర్చుని, క్లిప్పు పెట్టి, అంకె కుదురుకునేసరికి గుండె వేగం ఎంతో కొంత తగ్గిపోతుంది, వేళ్లు చల్లగా ఉంటే అదీ తడబడుతుంది.

కచ్చితమైన అంకె కావాలంటే ఛాతీకి కట్టే బ్లూటూత్ పట్టీ తీసుకోండి, అది ఈసీజీలాగా గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది, మీరనుకున్న 40 వేలలో చిన్న ముక్కతో అయిపోతుంది. కట్టే ముందు లోపలి వైపు తడపాలి, తర్వాత ఉతకాలి. ఛాతీ దగ్గర క్యాథెటర్ (మందులెక్కించే సన్నటి గొట్టం) పెట్టి ఉంటే మాత్రం నర్సుని అడగకుండా కట్టొద్దు.

అయినా పల్స్ ఒక్కటే చాలదు. రక్తం తక్కువుంటే కొంచెం నడకకే పెరుగుతుంది, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటుంటే ఎంత కష్టపడ్డా అంతగా పెరగదు. అందుకే ఆ మేడమ్ "0 నుంచి 10లో ఎంత కష్టంగా ఉంది?" అని కూడా అడుగుతుంటారు. దాన్ని బోర్గ్ స్కేలు అంటారు. మన నాన్నల సంగతి తెలిసిందే కదా, ఆయాసంతో మాట రాకపోయినా "మూడేనమ్మా" అంటారు. ఆ మూడు నిజమో కాదో ఆవిడ చూసి తేల్చుకోవాలి, అంటే మీ అసలు గాడ్జెట్ ఫోన్ కెమెరానే!

చాలా ఇళ్లలో ఫోన్‌ని టీపాయ్ మీద నీళ్ల సీసాకి ఆనిస్తారు, అవతల వాళ్లకి ఫ్యాను, నుదురు కనిపిస్తాయి. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో చూసే పరీక్షలో చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి, ఆయన గుట్టుగా తొడల మీద చేతులు నొక్కి లేస్తే ఆవిడకి ఎలా తెలుస్తుంది? స్టూలు మీద ఫోన్‌ని అడ్డంగా, నడుము ఎత్తులో, రెండు మూడు మీటర్ల దూరంలో, కాస్త పక్క నుంచి పెట్టండి. కిటికీ ఆయన వెనక ఉండకూడదు, నీడే కనిపిస్తుంది. కుర్చీకి చక్రాలుండకూడదు, గోడకి ఆనించండి. అంత దూరం నుంచి మేడమ్ మాట వినపడదు కాబట్టి చిన్న బ్లూటూత్ స్పీకర్ పెట్టండి.

మిగిలిన డబ్బుతో రౌటర్‌కి మినీ యూపీఎస్ కొనండి, కరెంటు పోయినా వైఫై ఆగదు. ఇంటి అడ్రసు, మీ రెండో నంబరు ముందే ఆవిడకి ఇవ్వండి, పక్కన ఎవరో ఒకరు ఉండండి. కాల్ తెగితే నాన్నగారిని కూర్చోబెట్టేయండి, మిగతాది యూట్యూబ్ చూసి చేయించొద్దు. మైలోమాలో ఎముకలు బలహీనపడతాయి, డంబెల్స్ ఎత్తాలో వద్దో చెప్పాల్సింది డాక్టరే.