తేలియాడే వస్తువుల పాఠం చెప్పబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే వారం తొమ్మిదో తరగతికి తేలియాడే వస్తువుల పాఠం మొదలుపెడుతున్నావని, పిల్లలు అడ్డదిడ్డం ప్రశ్నలు వేస్తారేమోనని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సర్వీసంతా నేను అన్నిటికన్నా ఇష్టంగా చెప్పిన పాఠం అది. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

సూత్రంతో మాత్రం మొదలుపెట్టకు. మునిగిన వస్తువు ఎంత బరువు నీటిని తొలగిస్తుందో అంత బలంతో నీళ్లు దాన్ని పైకి నెడతాయనే ఆర్కిమెడిస్ సూత్రం బోర్డు మీద పడగానే పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించేసి హాయిగా కూర్చుంటారు. ముందు బకెట్లో ఒక బెండుముక్క ముంచి వదిలి, "ఇది పైకి ఎందుకొచ్చింది?" అని అడుగు. "తేలిక కాబట్టి" అంటారు. "తేలికైతే పైకే ఎందుకు రావాలి? పక్కకి ఎందుకు పోకూడదు?" అని రెండో ప్రశ్న వెయ్యి. క్లాసు నిశ్శబ్దమైపోతుంది. కంగారుపడి జవాబు చెప్పెయ్యకు, ఆలోచించుకోనీ.

జవాబు ఇది. భూమి బెండునీ కిందికే లాగుతుంది, నీళ్లనీ కిందికే లాగుతుంది. అంతే ఘనపరిమాణం ఉన్న నీళ్లను ఇంకా ఎక్కువ బలంతో లాగుతుంది. కాబట్టి నీళ్లు కిందికి చేరి బెండుని పైకి నెడతాయి. అంటే తేలడం కూడా గురుత్వాకర్షణ చేసే పనే. గురుత్వాకర్షణ అంటే వస్తువుల్ని కింద పడేసేదని మాత్రమే పిల్లలకి తెలుసు. అదే పైకి కూడా లేపుతుందని అర్థమైన రోజున వాళ్ల మొహాలు చూడాలి నువ్వు.

ఇది మాటలతో చెబితే నమ్మరు, చూపించు. లీటరు వాటర్ బాటిల్‌కి అడుగు దగ్గర పక్కగా మేకు కాల్చి ఒక చిల్లు పెట్టు. నీళ్లు నింపి మూత తీసి పట్టుకుంటే చిల్లులోంచి ధార వస్తుంది. ఇప్పుడు దాన్ని మేడ మీద నుంచి కింద పెట్టిన టబ్బులోకి నిటారుగా వదిలెయ్యి. పడుతున్నంతసేపూ ధార రాదు. కంటికి సరిగ్గా అందదు కాబట్టి ఫోన్లో స్లో మోషన్‌లో వీడియో తీసి అందరికీ చూపించు. సీసా, నీళ్లు కలిసి పడుతున్నప్పుడు పైనున్న నీళ్లు కిందున్న నీళ్ల మీద బరువు మోపవు. లోతుకి పోయేకొద్దీ పెరగాల్సిన పీడనం పెరగదు. ఉత్ప్లవన బలమంటే వస్తువు అడుగున పీడనం ఎక్కువ, పైన తక్కువ ఉండటమే కదా. ఆ తేడా పోతే తేలడమూ లేదు, మునగడమూ లేదు.

అంతరిక్ష కేంద్రంలో ఎప్పుడూ ఉండేది ఆ స్థితే. అక్కడ నీళ్లలో గాలి బుడగ పైకి రాదు, ఉన్నచోటే ఉండిపోతుంది. మంట కోసుగా లేవకుండా గుండ్రంగా, నీలంగా వెలుగుతుంది. వేడిగాలి పైకి పోదు కాబట్టి గాలిని కదిలించే ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి. లేకపోతే నిద్రపోతున్న వ్యోమగామి వదిలిన ఊపిరే ముఖం చుట్టూ పోగుపడుతుంది.

ఇక్కడ తెలివైన పిల్ల ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అయితే చంద్రుడి మీద గురుత్వాకర్షణ ఆరో వంతే కదా, అక్కడ వస్తువులు తక్కువ తేలతాయా?" అక్కడ మూసిన గదిలో తొట్టి పెట్టి నీళ్లు పోసి మంచుముక్క వేసినా, ఇక్కడలాగే పదింట తొమ్మిది వంతులు మునిగే తేలుతుంది. మంచు బరువు తగ్గినంత వంతునే అది తొలగించిన నీటి బరువూ తగ్గుతుంది. తేలాలంటే గురుత్వం ఉండి తీరాలి గానీ, ఎంత భాగం మునగాలో తేల్చేది మాత్రం సాంద్రతల నిష్పత్తే. ఈ ఒక్క మాట మీద అరగంట గడిచినా పరవాలేదు. పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు, ఉప్పునీళ్లలో గుడ్డు, ఇనప ఓడ... ఇవన్నీ ఆ తర్వాత చకచకా అయిపోతాయి.

వాయువుల దగ్గర మళ్లీ నిదానించు. గాలికి బరువుంటుందని పిల్లలు పరీక్షలో రాస్తారు గానీ మనసులో నమ్మరు. మీ తరగతి గది కొలిపించు. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు ఉందనుకో, 144 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు. గదిలో గాలి 170 కిలోల పైమాటే. లెక్క చెప్పేముందు ఒక్కొక్కరినీ ఊహించి రాయమను. అరకిలో అని రాసేవాళ్లే ఎక్కువ. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి 1644లోనే ఒక ఉత్తరంలో రాశాడు. ఆ మాట ఈ లెక్క తర్వాత చెబితేనే అతుకుతుంది.

ఒకే ఉష్ణోగ్రత, పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో ఏ వాయువైనా అన్నే అణువులు ఉంటాయన్నది శాస్త్రవేత్త అవొగాడ్రో మాట. కాబట్టి ఒక్కో అణువు ఎంత బరువో చెప్పే అణుభారాలు పోల్చుకుంటే చాలు. గాలికి సగటున 29. ఈ అంకె గుర్తుంచుకోమను. హైడ్రోజన్ 2, హీలియం 4, మీథేన్ 16 తేలేవి. కార్బన్ డయాక్సైడ్ 44, వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ 44, బ్యూటేన్ 58 దిగేవి. నీటి ఆవిరి 18 అని వాళ్లతోనే చెప్పించు. ఉక్కపోత రోజున గాలి బరువెక్కిందని అందరం అంటాం, నిజానికి అదే వేడి దగ్గర తేమ గాలి పొడి గాలికన్నా తేలిక.

ఇప్పుడు కొవ్వొత్తులు. పొట్టిదొకటి, పొడుగుదొకటి టబ్బులో వెలిగించు. జగ్గులో రెండు మూడు చెంచాల వంటసోడా వేసి నిమ్మరసం పొయ్యి. నురగ అణిగాక, లోపలి రసం ఒలక్కుండా, జగ్గుని టబ్బు అంచున నెమ్మదిగా వంచు. కనిపించని వాయువు జారి టబ్బు అడుగున చేరుతుంది. పొట్టి కొవ్వొత్తి ముందు ఆరిపోతుంది. బరువైన వాయువు అడుగుకి దిగింది అని పిల్లలు సంతోషిస్తారు.

వెంటనే అవే రెండు కొవ్వొత్తులు నేల మీద వెలిగించి, వాటి మీద పెద్ద గాజు సీసా బోర్లించు. ఏది ముందు ఆరుతుందో చేతులెత్తించు. దాదాపు అందరూ పొట్టిది అంటారు. మామూలుగా ముందు ఆరేది పొడుగుది. కొవ్వొత్తి మంట నుంచి వచ్చే వాయువులు వేడివి, వ్యాకోచించి సాంద్రత తగ్గి పైకి పోతాయి, పైన పోగై కిందికి నిండుకుంటూ వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ అయినా 200 డిగ్రీలు దాటితే గది గాలికన్నా తేలికే. అంటే వాయువు పేరు చూసి తీర్పు చెప్పకూడదు, దాని వేడి కూడా అడగాలి. ఈ రెండు ప్రయోగాలూ ఒకే పీరియడ్‌లో, ఇదే వరసలో చెయ్యి. విడదీస్తే సగం బలం పోతుంది.

తర్వాత రావాల్సిన ప్రశ్న పిల్లలు వెయ్యకపోతే నువ్వే వెయ్యి. కార్బన్ డయాక్సైడ్ బరువైతే అదంతా నేలమీద పరుచుకుని మనల్ని చంపెయ్యాలి కదా? అణువులు ఊరుకోవు. గది వేడి దగ్గర నత్రజని అణువులు సగటున సెకనుకి దాదాపు అరకిలోమీటరు వేగంతో ఢీకొట్టుకుంటూ ఉంటాయి, గాలులు కూడా కలియదిప్పుతాయి. అందుకే సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు వరకూ గాలి మిశ్రమం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆ పైన కలిపేవాళ్లు లేక వేరుపడుతుంది, తేలికవి పైన మిగులుతాయి. కలవడానికి కొంత సమయం కావాలి, కదలిక కావాలి. ఆ సమయం దొరకని చోటే ప్రమాదం.

ఈ భాగం సిలబస్‌లో లేదని వదిలెయ్యకు బుజ్జీ, బతిమాలుకుంటున్నాను. వాడని పాత బావుల్లోకి, డ్రైనేజీ గుంటల్లోకి దిగి ఒకరు పడిపోతే, కాపాడాలని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. దీపం దించి చూస్తే చాలని ఊళ్లో పెద్దలు చెబుతారు. అది చాలదు. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువుని దీపం పట్టుకోలేదు, మండే వాయువుంటే దీపమే ప్రమాదం. ఎవరైనా లోపల పడిపోతే దిగకుండా ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఫోన్ చెయ్యాలని పిల్లల చేత అనిపించు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైన స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం అణుభారం 104. ఆ అంకె పక్కన 29 వేసి చూపించు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో వంటగ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తెరవాలి, ఎందుకంటే అది నేల వెంబడి పాకుతుంది. పైపు గ్యాస్ మీథేన్, అది కప్పు కిందకి చేరుతుంది. రెండు రకాల ఇళ్ల పిల్లలూ క్లాసులో ఉంటారు, రెండూ చెప్పు.

చివరి పీరియడ్ బెలూన్లకి ఉంచుకో. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు వచ్చాడు. అదే ఏడాది ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ సూర్యకాంతిని రంగులుగా విడదీసి చూస్తే అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాని కొత్త పసుపు గీత కనిపించింది, అదే హీలియం కథకి మొదలు. రసాయన శాస్త్రవేత్త రామ్సే దాన్ని భూమ్మీద పట్టుకున్నది 1895లో. మన గాలిలో అది పదిలక్షల్లో ఐదు పాళ్లే, తేలికది కావడంతో భూమి గురుత్వం దాన్ని ఎల్లకాలం పట్టి ఉంచలేదు. గురుగ్రహం పట్టి ఉంచగలదు. ఒక లెక్క కూడా ఇవ్వు: హీలియం సాంద్రత హైడ్రోజన్‌కి రెట్టింపు, అయితే ఎత్తే శక్తి సగమేనా? 29లోంచి 2 తీసెయ్యి, 29లోంచి 4 తీసెయ్యి. 27, 25. తేడా కొంచెమే.

హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి పెద్ద పెద్ద హైడ్రోజన్ బెలూన్లు ఎగురుతాయి. 2022 డిసెంబరులో అక్కడి నుంచి బెలూన్‌తో వెళ్లిన గుండ్రటి పెట్టె వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే ఊరంతా చూడ్డానికి పోయింది, ఆ ఫోటోలు దొరుకుతాయి. నేల మీద అలాంటి బెలూన్‌ని కొద్దిగానే నింపుతారు. ఎందుకో పిల్లల్నే అడుగు. 30 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత కిందున్న దాంట్లో రెండు శాతం కూడా ఉండదు, పైకి పోయేకొద్దీ బెలూన్ ఉబ్బుతూ పోతుంది.

సరదాపడి క్లాసులో హైడ్రోజన్ తయారుచెయ్యబోకు, నిప్పు తగిలితే చేతులు కాలతాయి. జాతరలో గ్యాస్ బుడగలు కూడా చాలాసార్లు హైడ్రోజన్‌వే, కొవ్వొత్తులున్న రోజున గదిలోకి తేనివ్వకు. నిమ్మకాయలు ఖరీదైతే వెనిగర్ వాడు, దానితోనూ పొంగుతుంది. వంటసోడా మాత్రం కొత్త ప్యాకెట్ కొను. స్లో మోషన్ వీడియో నాకూ పంపు.

ఉంటాను,
పెద్దమ్మ