పిల్లలతో యానిమేషన్ సినిమాకు వెళ్ళే ముందు

చిరంజీవి అబ్బాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఆదివారం నాడు పిల్లలిద్దరినీ, మీ ఆవిడనూ, మీ అమ్మనూ వెంటబెట్టుకొని యానిమేషన్ సినిమాకు వెళ్తున్నానని, ఇలాంటి సినిమాలకు మనవలను తిప్పిన అనుభవం నాకు ఉంది గనుక నాలుగు మాటలు రాయమని అడిగావు.

పెద్దవాడు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాడని ఇంగ్లీషు ఆటకు టికెట్లు తీయకు. తెలుగు ఆట ఉంటే దానికే వెళ్ళు. అర్థం కాని మాటలను చిన్నదానికి నువ్వూ, మీ అమ్మకు మీ ఆవిడా చెవిలో చెబుతూ కూర్చుంటే ఆ నలుగురిలో ఒక్కరూ సినిమా చూసినట్లు కాదు. పైగా డబ్బింగ్ అంటే చిన్నచూపు చూడవలసిన కాలం పోయింది. 2019లో వచ్చిన ‘ది లయన్ కింగ్’ తెలుగు రూపంలో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, టిమోన్‌కు ఆలీ, పుంబాకు బ్రహ్మానందం గొంతు ఇచ్చారు. అడవిపంది నోట బ్రహ్మానందం మాట వినబడితే నాయనమ్మ, మనవడు ఒకేసారి నవ్వుతారు; ఆ నవ్వు ఇంగ్లీషు ఆటలో దొరకదు.

నాలుగేళ్ళ పిల్లకు త్రీడీ వద్దు. ఆ కళ్ళద్దాలు చిన్న ముక్కు మీద నిలవవు. ఒక చేత్తో వాటిని పట్టుకొని, రెండో చేత్తో పాప్‌కార్న్ తింటూ కాసేపు అవస్థపడుతుంది. తరువాత తీసేసి, తెర మీద బొమ్మలన్నీ రెండేసిగా కనిపిస్తుంటే ఇంటికి పోదామంటుంది. మామూలు టూడీ ఆటలో, తెరకు దూరంగా, హాలు వెనుక సగంలో, నడవ పక్కన సీట్లు తీసుకో; సరిగ్గా మంచి ఘట్టంలోనే బాత్రూమ్ అంటారు గదా! ఏసీ చలికి ఒక పలుచని దుప్పటి ఉంచుకో. తినుబండారాల విషయంలో వాదులాట పెట్టుకోకు: బయటి తిండిని థియేటరు వారు వద్దనవచ్చునని సుప్రీంకోర్టు 2023 జనవరిలో తేల్చింది, అయితే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలని కూడా చెప్పింది.

భయం సంగతి మాత్రం కాస్త శ్రద్ధగా చూడు. బొమ్మల సినిమా అనగానే పసిపిల్లలకేనని అనుకోకూడదు. ఇప్పుడు సెన్సార్ వారు, పిల్లలు పెద్దల మార్గదర్శనంతో చూడాలని చెప్పే యూఏ సర్టిఫికెట్‌లోనే 7, 13, 16 ఏళ్ళకు వేర్వేరు గుర్తులు ఇస్తున్నారు గనుక టికెట్ తీసే ముందు దానిని చదువు. అయితే సర్టిఫికెట్ కంటే నాకు ఎక్కువ అక్కరకు వచ్చింది కథ ముందే చెప్పడం. 2025 జూలైలో ‘మహావతార్ నరసింహ’ వచ్చినప్పుడు, స్తంభం పగులుతుందని, ఆ వచ్చేది ప్రహ్లాదుణ్ణి కాపాడే స్వామేనని ఇంట్లో విని వెళ్ళిన పిల్లలు ఆ ఘట్టం కోసం ఎదురుచూశారు. ఏమీ తెలియకుండా వెళ్ళినవారు ఆ చప్పుడుకే అమ్మ ఒళ్ళో తల దాచుకున్నారు. కథ తెలిస్తే సరదా పోతుందన్నది పెద్దల లెక్క, పిల్లలు తెలిసిన కథనే మళ్ళీ మళ్ళీ అడుగుతారు. అయినా చిన్నది చెవులు మూసుకుంటే బలవంతాన కూర్చోబెట్టకు, కాసేపు బయటికి తీసుకువెళ్ళి నీళ్ళు తాగించి తీసుకురా.

ఆట మొదలైన తరువాత నువ్వు మాట్లాడకు. “చూడు చూడు, ఇప్పుడు పడిపోతాడు” అని భుజం తట్టే తండ్రులు ప్రతి వరుసలోనూ ఉంటారు. నువ్వు కథానాయకుణ్ణి చూస్తున్నప్పుడు పిల్ల మూలన పాకే నత్తను చూస్తుంటుంది, చూడనీ. ఆ నత్తను కూడా ఎవరో ఒక చిత్రకారుడు శ్రమపడి కదిలించాడు. ఇంటికి వచ్చే దారిలో నీతి ఏమిటని పరీక్ష పెట్టకు, వాళ్ళే చెబుతారు, లేదా ఆ విలన్ నడక నడిచి చూపిస్తారు.

బుకింగ్ చేసేటప్పుడు మాత్రం తొందరపడకు. ఒకే సినిమా తెలుగు, ఇంగ్లీషు, టూడీ, త్రీడీ ఆటలను ఫోనులో పక్కపక్కనే చూపిస్తారు, వేలు జారితే డబ్బు తిరిగి రావడం కష్టం.

ఇట్లు,
మీ పెద్దనాన్న