సంచార జీవితం, వేరే దేశానికి మకాం: ముందు రోజుల లెక్క నేర్చుకోండి

"అందరిలా ఒకచోట స్థిరపడకుండా తిరుగుతూ బతకాలనుంది. వచ్చే ఏడాది వేరే దేశానికి మకాం మార్చేద్దామనుకుంటున్నాను. ఇంట్లో వాళ్ళకు ఇష్టం లేదు. దేనికి సిద్ధపడాలి?" అని అడిగారు. ఏడేళ్ళుగా నేను బతుకుతున్నది ఇలాగే కాబట్టి, నాకు అనుభవంలోకి వచ్చినంతవరకు చెబుతాను.

ముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు కావలసింది తిరగడమా, మకాం మార్చడమా? రెండిట్లోనూ విమానం ఎక్కడం ఒకటే, కాగితాలు మాత్రం పూర్తిగా వేరు. టూరిస్టు వీసా మీద వెళ్ళినన్నాళ్ళూ మనం అతిథులమే. ఇంటి అద్దె ఒప్పందమైనా, బ్యాంకు ఖాతా అయినా చాలాచోట్ల నివాస అనుమతి చూపించమంటారు. మొదటి రెండేళ్ళు నేను ఈ తేడా పట్టించుకోలేదు. "తర్వాత చూసుకుందాంలే" అనుకున్నాను. దెబ్బ తిన్నది అక్కడే.

యూరప్‌లో షెంగెన్ అనే ఏర్పాటు కింద, తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న 29 దేశాలున్నాయి. తక్కువ కాలానికి వెళ్ళేవాళ్ళు ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి అక్కడ ఉండకూడదు. ఒక్కో దేశంలో 90 కాదు, అన్నీ కలిపి 90. నేను 60 రోజులు ఉండి, బయటి దేశంలో 25 రోజులు గడిపి, మళ్ళీ లోపలికి వచ్చాను. వెళ్ళొచ్చాను కదా, లెక్క మళ్ళీ మొదటికొస్తుందని నా నమ్మకం. రెండు నెలలకు గది తీసుకుని అద్దె మొత్తం ముందే కట్టేశాను. ఒక సాయంత్రం నాలాగే తిరిగే స్నేహితురాలు నా పాస్‌పోర్టు తీసుకుని, స్టాంపుల మీది తేదీలు చదువుతూ కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీయడం మొదలుపెట్టింది. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. వచ్చిన రోజూ లెక్కే, వెళ్ళిన రోజూ లెక్కే. అన్నీ కూడి తలెత్తి, "నీకింక నాలుగు రోజులే ఉన్నాయి" అంది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

మూడో రోజు రాత్రి బస్సులో సరిహద్దు దాటాను. మిగిలిన నెల అద్దె పోయింది. గడువు దాటి ఉంటే జరిమానాతో పాటు కొన్నాళ్ళు మళ్ళీ రాకుండా నిషేధం కూడా పడొచ్చు. 2025 అక్టోబర్‌లో అక్కడ కొత్త పద్ధతి మొదలైంది. స్టాంపులకు బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకుని రాకపోకలన్నీ కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. స్టాంపు సరిగ్గా పడలేదు, కనిపించలేదు అనే మాటలు ఇక చెల్లవు.

మీ పని ల్యాప్‌టాప్ మీద ఎక్కడినుంచైనా నడిచేదైతే డిజిటల్ నోమాడ్ వీసాల గురించి చదవండి. ఎస్టోనియా 2020లో మొదలుపెట్టింది, పోర్చుగల్ 2022లో, స్పెయిన్ 2023లో తెచ్చాయి. నెలకు ఇంత ఆదాయం ఉండాలని ఒక్కో దేశం ఒక్కో అంకె పెడుతుంది, అది మారుతూ ఉంటుంది కూడా. అందుకే ఎవరి వీడియోనో నమ్మకుండా ఆ దేశపు ప్రభుత్వ సైట్‌లోనే చూడండి. పన్ను సంగతి మరిచిపోవద్దు. ఒక ఏడాదిలో 183 రోజులు ఉంటే చాలా దేశాలు మనల్ని తమ పన్ను పరిధిలోకి లాక్కుంటాయి. అంతకు తక్కువుంటే ఏమీ కాదనుకోవడం కూడా పొరపాటే. బ్రిటన్‌లో ఇల్లు, కుటుంబం, పని లాంటి బంధాలు ఉంటే చాలా తక్కువ రోజులకే లెక్కలోకి వస్తాం. ఈ ఒక్క విషయంలో డబ్బులిచ్చి నిపుణుణ్ణి అడగండి, దండగ కాదు.

చదువు, పుట్టుక, పెళ్ళి సర్టిఫికెట్లకు అపోస్టిల్ ముద్ర, అంటే ఆ కాగితం అసలైనదేనని ప్రభుత్వం వేసే ముద్ర, వేయించుకుని వెళ్ళండి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఆ ఒక్క ముద్ర చాలు. దూరాన కూర్చుని ఆ పని చేయించుకోవడం నరకం. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలుండాలనే దేశాలు చాలా ఉన్నాయి, ఖాళీ పేజీలూ చూసుకోండి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీ కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా మందు అసలు పేరుతో రాయించుకోండి. ఒకచోట మామూలుగా దొరికే జలుబు మందు ఇంకోచోట నిషేధం కావచ్చు.

పాత ఫోన్ నంబరును మాత్రం చావనివ్వకండి. నేను రీచార్జ్ మానేశాను, కొన్నాళ్ళకు నంబరు పోయింది. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వెళ్తాయి. నా డబ్బు నా ఖాతాలో కనిపిస్తూనే ఉంది, తీసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పట్నుంచి ఆరు నెలల ఖర్చు, తిరుగు టికెట్ డబ్బు వేరే ఖాతాలో ఉంచుతున్నాను. ఎంత అవసరమొచ్చినా దాన్ని ముట్టుకోను.

ఇవన్నీ విని వెనక్కి తగ్గకండి. ఒక ఊళ్ళో రెండు నెలలున్నప్పుడు మెట్ల మీద రోజూ ఎదురయ్యే పెద్దావిడ నాకు తన భాషలో రోజుకో మాట నేర్పేది. తలుపు, వాన, తాళంచెవి. వెళ్ళిపోయే రోజు నేను ఆ మాటలన్నీ వరసగా అప్పజెప్తే నా చేతులు పట్టుకుంది. ఇలాంటివాటి కోసమే నేను ఈ బతుకు ఎంచుకున్నాను. జ్వరమొచ్చి పడుకుంటే ఆ విషయం ఏ ఒక్కరికీ తెలియని రోజులు కూడా ఇందులో ఉన్నాయి. రోజూ ఏదో ఒక వేళకు ఎవరో ఒకరికి "బాగున్నాను" అని మెసేజ్ పెట్టే ఏర్పాటు చేసుకోండి.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. మొదటిసారి బయల్దేరుతుంటే నాన్న "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నారు. "చూద్దాం నాన్నా" అన్నాను. స్వేచ్ఛ కోసం వెళ్తూ తేదీ చెప్పడమేంటనుకున్నాను. పద్నాలుగు నెలలకు తిరిగొస్తే అమ్మ చెప్పింది, నా దగ్గర్నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ టికెట్ కొన్నానని చెబుతానేమోనని ఆయన దగ్గరికొచ్చి నిలబడేవారట. నా జీవితం మీద ఆయనకు కోపం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఎదురుచూపు. కాబట్టి మీరు ఈ జీవితం ఎందుకు మంచిదో వాళ్ళకు వివరించే ముందు, తిరిగొచ్చే తేదీ చెప్పండి.

రెండోసారి నేను తిరుగు టికెట్ ముందే కొని చూపించాను. నాన్న ఏమీ అనలేదు. క్యాలెండర్ దించి, కాగితాలు తిప్పి, ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. దాన్ని మళ్ళీ మేకుకు తగిలించి, అక్కడ చలి ఎంతుంటుందని అడిగారు.